తనంతట తిరగని లెక్క

రఘుపతికి ఎడమ చెవి పోయి మూడేండ్లయింది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు సూరత్‌లో ఉధ్నా కాడి చెవుల డాక్టరు, ఇంకొకరు రఘుపతి. ఈ మధ్యనే డాక్టరు కాయితం మీద చెవికొకటి రెండు గీతలు చూపించిండు. ఒక గీత అప్పటికే అడుగున పడి ఉంది. రెండోది సగం దాకా దిగింది. సాంచల, అదే మరమగ్గాల మోతలో ఇంకో ఏడాది ఏడాదిన్నర నిలబడితే కుడి చెవి గతీ అంతే అన్నడు. మందు లేదా అని అడిగితే, ఉంది, ఆ మోతలోంచి బయటికి వచ్చుడే మందు అన్నడు. రఘుపతి ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆధార్ కార్డు వెనక దోపిండు. ఇంటికి వచ్చి, కడుపుల మంటకు గోలీలు తెచ్చుకున్న అని భార్య సారక్కకు చెప్పిండు.

ముప్పై తొమ్మిదేండ్ల మనిషి. సిరిసిల్ల దగ్గర పల్లె. పదో తరగతి పాసయి, ఇంట్ల చదివించే స్తోమత లేక పద్దెనిమిదో ఏట సూరత్ బండెక్కిండు. కాపురం డిండోలిలో ఒక్క గది. పని వడోద్‌లో ఒక కార్ఖానాలో. ఆరు సాంచలు ఆయన జిమ్మా. పొద్దున ఎనిమిదింటికి ఎక్కితే రాత్రి ఎనిమిదింటికి దిగుడు. ఇరవై ఒక్క ఏండ్లు అట్లనే గడిచినయి.

చెవి పోయిందంటే ఎందుకు దాచాలె? సాంచ నడిపేటోనికి కన్ను కంటే చెవి ఎక్కువ. ఆరు సాంచలు ఒక్కసారి చూసే కన్ను ఎవనికీ ఉండదు. ఒక సాంచకు పోగు ముడేస్తుంటే వెనక ఇంకో సాంచ దెబ్బ చప్పుడు మారుతది. పేక తెగితే ఒక తీరు, డిజైను దించే తూట్ల అట్ట, జకార్డు అట్ట, ఇరుక్కుంటే ఇంకో తీరు. చెవి పట్టుకుంటది, కాలు అటు ఉరుకుతది. అందుకే ఎవడూ చెవులల్ల దూది పెట్టుకోడు. చెవిని కాపాడుకుంటే బట్ట పోతది, బట్టను కాపాడుకుంటే చెవి పోతది. చెవిటోడని తెలిస్తే కార్ఖానా పని చూసే మాస్టరు ఆ పూటే లెక్క తేల్చి పంపిస్తడు. అట్ల పోయినోళ్లను రఘుపతి నలుగురిని చూసిండు.

ఇన్నాళ్లు బయటపడకపోవడానికి కారణం కూడా కార్ఖానానే. ఆ మోతలో మంచి చెవులున్నోనికి కూడా మాట వినపడదు. అందరూ పెదవులు చూసుకుంటనే మాట్లాడుకుంటరు. నాలుగు వరుసల అవతల నిలబడి ఒడియా ఆయన హిందీలో తంబాకు అడిగితే రఘుపతి ఇటు నుంచి లేదని చేయూపుతడు. ఇరవై ఏండ్లల్ల ఆయన కండ్లు ఎవరి మూతినైనా చదువుడు నేర్చుకున్నయి. ఇల్లు, బజారు, రిక్షా, అంతటా ఆ కండ్లతోనే నెట్టుకొచ్చిండు. మనిషి అటు తిరిగితే మాత్రం అంతే సంగతి.

మోతలోంచి బయటపడే తొవ్వ చూపించింది కనకయ్య. సాంచలు బాగుచేసే మిస్త్రీ, రఘుపతి ఊరి పక్క ఊరోడే. కార్ఖానాలో నాలుగు సాంచలకు అట్టల బదులు కరెంటు డబ్బాలు పెట్టిండ్రు. డిజైను చిప్పులో ఉంటది, ఏ పోగు లేవాల్నో డబ్బానే చెప్తది. అవి మొరాయిస్తే సూరత్ అవతల కామ్‌రేజ్ నుంచి మనిషి వచ్చి బాగుచేస్తడు. ఆ డబ్బాలు తయారుచేసే హస్ముఖ్ భాయ్ ఒకనాడు తనే వచ్చి కనకయ్యతో తన గోడు చెప్పుకున్నడు. నా దగ్గరికి వచ్చే కాలేజీ పోరగాండ్లకు సీ ప్రోగ్రామింగ్ వస్తది, పడుగేదో పేకేదో తెల్వదు, సాంచ తెలిసినోడు ఒకడు కొంచెం సీ నేర్చుకొని వస్తే కూసోబెడత, ఏసీ గది, మోత లేదు అని.

కనకయ్య ఆ మాట సాంచ అవతల నుంచి పెదవులతోనే చేరవేసిండు. రఘుపతికి అందులో రెండే రెండు ముక్కలు కనబడ్డయి. మోత లేదు.

"నీకెందుకు రఘన్నా ఈ వయసుల ఏబీసీడీలు? పోరగాండ్లు నవ్వుతరు" అన్నడు కనకయ్య టీ దగ్గర.

"నవ్వనీ. నాకు వినపడదు గద" అన్నడు రఘుపతి. కనకయ్య అది పరాచికమనుకొని పెద్దగ నవ్విండు.

హస్ముఖ్ భాయ్ రెండు నెలల గడువు ఇచ్చిండు. వచ్చి చిన్న పరీక్ష రాయాలె, అంతే.

డిండోలిలో కారప్పూసలమ్మే ఫర్సాన్ దుకాణం మీది అంతస్తులో ప్రసన్న కంప్యూటర్ క్లాసు నడిపిస్తది. కరీంనగర్ వాళ్ల బిడ్డ, పుట్టి పెరిగింది సూరత్‌లో. ఇరవై ఆరేండ్లుంటయి. తెలుగులో మొదలుపెట్టి హిందీలో నడిచి గుజరాతీలో ముగిస్తది. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా సీ క్లాసు. పదిహేను మంది, ఎనిమిది కంప్యూటర్లు. అందరూ డిప్లొమా పిల్లలు. రఘుపతి మొదటి రోజు గడప దగ్గర నిలబడితే, కాకా, మీ పిల్లగాన్ని చేర్పిస్తరా అని అడిగింది. నన్నే చేర్పించుకో బిడ్డా అన్నడు. పిల్లలు నవ్విండ్రు. ఆయనకు నవ్వులు కనబడ్డయి.

ముందు బెంచీలో నడిమిట్ల కూసున్నడు. ఆ తావు ఎవ్వరికీ ఇయ్యలేదు. ఆరు గంటలకే వచ్చి పట్టుకునేది. పెద్దాయనకు శ్రద్ధ ఎక్కువని ప్రసన్న మురిసింది. ఆయనకు కావాల్సింది ఆమె మూతి.

మొదట్ల ఏమీ పట్టుబడలేదు. చిన్న అక్షరం రాయాల్సిన దగ్గర పెద్దక్షరం రాస్తే వేరే మాట అయితది. వరుస చివర సెమికోలన్ మరిస్తే, కంప్యూటర్ ఆ వరుసను వదిలిపెట్టి కింది వరుస మీద అరుస్తది. తప్పు ఒక దగ్గర, మొత్తుకోలు ఇంకో దగ్గర. కొన్నాళ్లకు అదే ఆయనకు ధైర్యమిచ్చింది. సాంచ కూడా అంతే. పడుగులో తెగిన పోగు బట్ట మీద జానెడు కిందికి వచ్చినంకనే కనబడుతది. తప్పు కనబడ్డ తావు నుంచి వెనక్కి నడవాలె. ఆ నడక ఆయనకు వచ్చు.

వేరియబుల్ అంటే పేరు రాసిపెట్టిన డబ్బా అన్నది ప్రసన్న. అంకె వేస్తే ఉంచుకుంటది, కొత్తది వేస్తే పాతది పోతది. ఇఫ్ అంటే అడుగుడు. అవునంటే ఈ పని, కాదంటే ఆ పని. అరే అంటే వరుసగ పేర్చిన డబ్బాలు, మొదటి దానికి నంబరు ఒకటి కాదు, సున్నా. ఈ సున్నా దగ్గర పిల్లలందరూ తడబడ్డరు. రఘుపతికి వారం పట్టింది. గదిలో సారక్క చీరెలకు రాళ్లు అతికిస్తుంటే ఆమె ముందట ఉన్న గిన్నెలను సున్నా, ఒకటి, రెండు అని లెక్కపెట్టిండు. ఆమె తలెత్తి ఆయన మొఖం ముందటికి వంగి, సున్నా గిన్నెల ఏమున్నది, నీ తెలివా అన్నది.

ఒకనాడు ప్రసన్న చెప్పిన మాట ఆయన పుస్తకంలో రాసి కింద గీత పెట్టుకున్నడు. "కంప్యూటర్‌కు చెవుల్లేవు. ఏం జరిగినా దానంతట దానికి తెల్వదు. పోయి చూడమంటే చూస్తది, ఎన్నిసార్లు చూడమంటే అన్నిసార్లు."

ఇది నా అసొంటిదే అనుకున్నడు.

లూపు చెప్పిన రోజే దెబ్బ తగిలింది. వైల్ అని రాసి, షరతు నిజమున్నంత సేపు లోపలి వరుసలు మళ్లా మళ్లా నడుస్తయి అని చెప్పింది. అంత వరకు ఇటే తిరిగి చెప్పింది. అసలు మాట వచ్చేసరికి బోర్డు వైపు తిరిగింది. రాస్తనే చెప్పింది, చెప్తనే రాసింది. పిల్లలందరూ తలలూపిండ్రు. రఘుపతి బోర్డు మీద ఉన్నదంతా ఎక్కించుకున్నడు. చివర్న i = i + 1; అనే వరుస కూడా ఎక్కించుకున్నడు. అది ఎందుకో మాత్రం ఆమె వీపు చెప్పింది, ఆయనకు అందలేదు. అడగొచ్చు. అడిగితే, ఇప్పుడే చెప్పిన గద కాకా అంటది. ఒకసారంటే పర్వాలేదు, రోజూ అడిగితే సంగతి తెలుస్తది. ఆమె నాయన పనిచేసేది వడోద్‌లోనే, మాట మాస్టరు దాకా పోతది. పుస్తకం మూసిండు.

కంప్యూటర్ దగ్గర సుమన్ అనే పిల్లగాడు ఆయన జోడి. రఘుపతి పుస్తకంలో రాసింది వాడు టకటక కొట్టేటోడు. తప్పుంటే వాడే దిద్దేటోడు. దిద్దుకుంట, తెర వైపు మొఖం పెట్టి ఏదో చెప్పేటోడు. ఈయన ఊ కొట్టేది. ప్రోగ్రాము నడిచేది. నాకు వస్తున్నది అనుకున్నడు పాపం. వచ్చింది సుమన్‌కు.

నెలన్నర కాంగనే కార్ఖానాలో పని చెడింది. రఘుపతి నాలుగో సాంచ దగ్గర పోగులు అతుకుతుంటే వెనక ఒకటో సాంచల అట్ట ఇరుక్కుంది. ఒక్కటే గీత మళ్లా మళ్లా పడుకుంట పదకొండు మీటర్ల చీరె బట్ట పాడయింది. పక్క వరుసల ఉన్నోడు పిలిచిండట. ఎడమ వైపు నుంచి పిలిచిండు. మాస్టరు వచ్చి భుజం పట్టి గుంజితే గాని తెల్వలేదు.

మాస్టరు అడిగింది ఒక్కటే, వినపడుత లేదా అని. జరంత సర్ది, ముక్కులు బిగుసుకున్నయి, చెవుల దాకా పాకింది అన్నడు రఘుపతి. ఇంకొక్కసారి, తర్వాత ఉండదు అన్నడు మాస్టరు. అందులో ఏ మాటా అటు తిరిగి అనలేదు. రఘుపతికి అన్నీ సాఫ్‌గ అందినయి.

ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. పని పోతే ఇంకో కార్ఖానా. అక్కడా సాంచలే, అక్కడా అదే మోత. ఉన్న సగం చెవి కూడా పోతే అప్పుడు ఏ కార్ఖానా లేదు. లెక్క ఎటు తిప్పినా కామ్‌రేజ్ దగ్గరనే ఆగేది. రెండు నెలలు నిండేదాకా ఆగలేదు. సెలవు పెట్టి ఒక మంగళవారం పదకొండింటికి హస్ముఖ్ భాయ్ గడప తొక్కిండు.

ఆ గదిలో నిజంగనే మోత లేదు. అద్దాల తలుపు, గోడకు వరుసగ డబ్బాలు, రెండు బల్లలు. ఒక మెకానిక్ సన్న సూదితో ఏదో అతుకుతున్నడు. హస్ముఖ్ భాయ్ మంచి మనిషి. ఎదురుగ కూసోబెట్టి, టీ ఇప్పించి, ప్రశ్న చెప్పిండు. ఎనిమిది వరుసల డిజైను ఉంది. పడుగుల నుంచి పేక ఒక్కసారి దాటితే ఒక పిక్కు గద. ఒక్కో పిక్కుకు ఒక్కో వరుస తెర మీద చూపించాలె. ఎనిమిది వరుసలు అయితే మళ్లా మొదటికి. ఇరవై నాలుగు పిక్కులు కాంగనే ఆగిపోవాలె.

రఘుపతికి పానం లేచి వచ్చింది. ఇది తన పనే. ఇరవై ఏండ్ల నుంచి కండ్ల ముందట తిరుగుతున్నదే. డిజైను ఎనిమిది వరుసలు అరేల పేర్చిండు, సున్నా నుంచి ఏడు దాకా. పిక్ అని డబ్బాకు పేరు పెట్టి సున్నా వేసిండు. పిక్కు ఇరవై నాలుగు కంటే తక్కువున్నంత సేపు అని వైల్ రాసిండు. ఏ వరుస చూపాల్నో తెలుసుకునేటందుకు పిక్కును ఎనిమిదితో భాగించి శేషం పట్టిండు. ఆ ముక్క సొంతంగ తట్టింది. లోపల ఒక్క చూపించే వరుస. బ్రాకెట్ మూసిండు. సెమికోలన్లు రెండుసార్లు చూసుకున్నడు.

పిక్కును ఒకటి పెంచే వరుస రాయలేదు. మరిచిపోయిండని కాదు. ఆయన మనసులో దానికి తావే లేదు. సాంచ పక్కన పిక్కులు లెక్కపెట్టే చిన్న చక్రాల డబ్బా ఉంటది. దాన్ని ఎవడన్నా చేత్తో తిప్పుతడా? సాంచ నడిస్తే అది తిరుగుతది. ఇరవై ఒక్క ఏండ్ల నుంచి తిరుగుతనే ఉంది. పిక్కు పడ్డంక పిక్కు లెక్క పెరగక ఏమైతది?

నడిపించే మీట నొక్కిండు.

తెర నిండ మొదటి వరుస. దాని కింద మళ్లా మొదటి వరుస. మళ్లా అదే. వానకు కాల్వ ఉరికినట్టు ఉరుకుతున్నది. రఘుపతికి ఒకటో సాంచ, ఇరుక్కున్న అట్ట, పాడయిన పదకొండు మీటర్లు యాదికొచ్చినయి. సాంచకైతే గుంజి ఆపే పిడి ఉంటది. దీనికి పిడి ఎక్కడ? మీటల మీద చేయి పెట్టబోయి తీసిండు. ఏదన్నా నొక్కితే ఇంకేమైతదో. ఇరవై నాలుగు ఎప్పుడో దాటిపోయింది. ఆగుతదేమో అని చూసిండు. చెమట కండ్లల్లకు దిగింది. చేతులు ఒళ్లో పెట్టుకొని, ముసలోడు సినిమా చూసినట్టు చూస్తనే కూసున్నడు.

ఎంత సేపయిందో. భుజం మీద చేయి పడ్డది. హస్ముఖ్ భాయ్ ముందటికి వచ్చి నిలబడ్డడు. మొఖం చిరాకుగ ఉంది.

"పది నిమిషాల కింద చెప్పిన కదా, కంట్రోల్ సీ కొట్టి ఆపుకో, పిక్కును పెంచలేదు, ఆ ఒక్క వరుస రాసుకో అని. రెండుసార్లు చెప్పిన నీ వెనక నిలబడి. ఏం భాయ్, నా మాటంటే లెక్క లేదా?"

అబద్ధం నాలిక దాకా వచ్చింది. సర్ది. ముక్కులు బిగుసుకున్నయి. కానీ ఆ చల్లటి గదిలో, ఆ ఉరుకుతున్న వరుసల ముందట, అది నోట్లోంచి రాలేదు.

"సేఠ్, నాకు చెవులు పోయినయి. ఒకటి మొత్తం, ఒకటి సగం. నా ముందట నిలబడి చెప్తే ఏదైనా తెలుస్తది. వెనక నుంచి చెప్తే తెల్వదు."

హస్ముఖ్ భాయ్ మొఖంలో చిరాకు పోయింది. దాని తావున వచ్చింది చిరాకు కంటే చెడ్డది. మెత్తగ అయిండు. కూసో అన్నడు, నీళ్లు తాగమన్నడు. నీ ఆలోచన బాగుంది, శేషం పట్టినవ్, కాలేజీ పిల్లలకు కూడా వెంటనే తట్టదు అన్నడు. చేయి కలిపి, నాలుగు రోజుల్ల ఫోన్ చేస్త అన్నడు.

రఘుపతి బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంట అద్దంలోంచి చూసిండు. చూడాలని చూడలేదు. మూతులు కదిలితే ఆయన కండ్లు వాటంతట అవే పోతయి. హస్ముఖ్ భాయ్ మెకానిక్‌తో అంటున్నడు. బిచారా చెవిటోడు. ఇక్కడి పని సగం ఫోన్ల మీదనే. వానికి నేను ఫోనేం చేస్త, చేస్తే వాడేం వింటడు.

ఒక చెప్పు చేతుల పట్టుకొని అట్లనే నిలబడ్డడు. తర్వాత ఆ చెప్పు కింద పడేసి తలుపు తోసుకొని లోపలికి పోయిండు.

"ఫోన్ చెయ్యనక్కర లేదు సేఠ్. నువ్వన్నది చూసిన."

హస్ముఖ్ భాయ్ తలుపు దిక్కు, అద్దం దిక్కు చూసి మెల్లగ కూసున్నడు. ఎదురుగ తిరిగి, ఒక్కో మాట విడదీసి చెప్పిండు. "అబద్ధం ఆడింది నాదే తప్పు. కానీ మెకానిక్‌తో అన్నది నిజమే భాయ్. కార్ఖానాలోళ్లు ఫోన్ల మీదనే మొత్తుకుంటరు. ఆ మొత్తుకునుడు వినేటందుకే నాకు మనిషి కావాలె."

బతిమిలాడితే ఏమన్నా అయితదా అని కూడా రఘుపతి ఆలోచించిండు. కాదు. నిజంగనే కాదు. ఒక్క పని అడిగిండు, ఆ ప్రోగ్రాము దిద్దిపోత అని. కూసొని, వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంట, బ్రాకెట్ మూసే ముందు రాసిండు: pick = pick + 1; నడిపిస్తే ఎనిమిది వరుసలు మూడుసార్లు పడి ఆగిపోయింది. ఇరవై నాలుగు. లెక్క తనంతట తిరగదు, ప్రతిసారి ఎవడో ఒకడు ఒకటి కలపాలె. ప్రసన్న ఆనాడు బోర్డు దిక్కు తిరిగి చెప్పిన మాట ఇదన్నమాట. హస్ముఖ్ భాయ్ బరాబర్ అన్నట్టు తలూపిండు. రఘుపతి లేచి వచ్చిండు.

ఇంటికి పోయేసరికి సారక్క అన్నం వారుస్తున్నది. కామ్‌రేజ్ సంగతి ఆమెకు తెలుసు, చెవుల సంగతి తెల్వదు. పని ఎందుకు రాలేదో చెప్పాలంటే చెవుల సంగతి చెప్పాలె. ఆధార్ కార్డు వెనక నుంచి కాయితం తీసి ఆమె ఒళ్ల పెట్టిండు. ఆమె విప్పలేదు. గంజి గిన్నె దించి, లేచి వచ్చి ఆయనకు సరిగ్గ ఎదురుగ కూసున్నది.

"మూడేండ్ల నుంచి నీకు ఏం చెప్పాలన్నా లేచి ముందటికి వచ్చి చెప్తున్న. ఎందుకనుకుంటున్నవ్? నా మొఖం మస్తు అందంగ ఉంటదనా?"

రఘుపతి యాది చేసుకున్నడు. సున్నా గిన్నె అన్ననాడు కూడా వంగి మొఖం ముందటికి వచ్చి అన్నది. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. మరి ఎందుకు అడగలేదని ఆయన అంటే, నువ్వు దాస్తున్నవ్ గద, దాచుకోనీ అనుకున్న అన్నది. తర్వాత అసలు మాట అన్నది. పని పోతే చూసుకుందాం, ఉన్న చెవి పోతే నాతోటి మాట్లాడేదెట్ల?

తెల్లారి ఎనిమిదింటికి వడోద్ కార్ఖానా. రఘుపతి సాంచలు మొదలుపెట్టే ముందు గుడ్డల సంచిలోంచి ఇంత దూది తీసి, మాస్టరు చూస్తుండంగనే రెండు చెవులల్ల కుక్కుకున్నడు. ఎడమ దానికి అక్కర లేదు. అయినా పెట్టిండు, అర్థం కావాలని. మాస్టరు వచ్చి ఎదురుగ నిలబడ్డడు. చెవిటోన్ని, సర్ది కాదు అన్నడు రఘుపతి. బట్ట పాడయితే ఆ నిమిషమే పంపించు. పాడు కానంత సేపు ఉంచు.

సాంచలు ఎత్తుకున్నయి. మోత లేదు. పాదాల కింద నేల అదురుతున్నది, అంతే. చెవి చెప్పేదాకా ఆగి ఉరికే పద్ధతి ఇక నడవదు. సున్నా నంబరు సాంచ దగ్గరికి పోయిండు. పడుగు చూసిండు, పేక చూసిండు, అట్ట తిరుగుతున్నదా చూసిండు. ఒకటి కలుపుకున్నడు. ఒకటో నంబరు. పడుగు, పేక, అట్ట. ఒకటి కలుపుకున్నడు. ఐదు దాకా పోయి మళ్లా సున్నాకు. మూడో చుట్టులో రెండో నంబరుకు పోగు తెగి ఉంది, అప్పుడే తెగింది. ముడేసిండు. ముడేస్తున్నంత సేపు మిగిలిన ఐదు సాంచలు ఆయన వీపు వెనక ఏం చేస్తున్నయో తెల్వదు. ఉరికిండు. మిగిలినోళ్లు స్టూళ్ల మీద కూసొని తంబాకు నలుపుకుంటుంటే ఈయన తిరుగుతనే ఉన్నడు. పది కొట్టేసరికే మోకాళ్లు పట్టేసినయి. ఎనిమిది కొట్టాలంటే ఇంకా పది గంటలు.

నాలుగు వరుసల అవతల మాస్టరు కనకయ్యతో మాట్లాడుతున్నడు. ఎంత దూరమున్నా మూతి మూతే.

ఎన్ని దినాలు తిరుగుతడో చూద్దాం అంటున్నడు మాస్టరు.

రఘుపతి తల తిప్పుకున్నడు. మూడో నంబరు. పడుగు, పేక, అట్ట.